ఆషాఢంలో అందరూ దొరికారు

ఏలూరులో ఒక నర్సింగ్ కాలేజీలో పరిశోధనా పద్ధతులు చెబుతాను. అందులో విద్యార్థులకి బొత్తిగా గిట్టని భాగం ఒకటుంది: అచ్చయిన పరిశోధనని చదివి, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడం. మనసు జబ్బుల మీద చేసినవైతే మరీ కష్టం. బీపీకి మిషన్ ఉంది, షుగర్‌కి రక్తపరీక్ష ఉంది. దిగులుకి ఏముంది? ఒక మనిషి అడగాలి, ఇంకో మనిషి చెప్పాలి, ఆ చెప్పినదాన్ని ఎవరో అంకె చెయ్యాలి. అంకె అయ్యాక ఇంక దానికి ఎక్కడలేని మర్యాద వచ్చేస్తుంది. అది ఎవరి నోట్లోంచి వచ్చిందో ఎవరూ అడగరు.

ఈ పనికి ఒక చెక్‌లిస్టు వాడతాం. ఎంతమందిని అడిగారు, వాళ్ళని ఎలా ఎంచుకున్నారు, పోల్చి చూడటానికి ఇంకో గుంపు ఉందా, ప్రశ్నలు ఆ మనుషులకి అర్థమయ్యే భాషలో ఉన్నాయా, మొదట అడిగినవాళ్ళలో ఎంతమంది చివరిదాకా మిగిలారు. ఒక్కోదానికి ఒక్కో గడి, గడికింత అని మార్కు. నేనే జిరాక్స్ తీయించి పంచుతాను. పంచేటప్పుడు మొహం కాస్త గంభీరంగా పెట్టుకుంటాను కూడా.

పోయిన ఏడాది సెమినార్‌కి, దెందులూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక విద్యార్థిని ఒక పేపరు తెచ్చింది. పేపరంటే జర్నల్‌లో అచ్చయిన పరిశోధనా వ్యాసం. ఆ అమ్మాయి సంబరం అంతా ఇంతా కాదు.

"మేడమ్, ఇది మన కొల్లేరు మీద చేశారండీ! విదేశీ జర్నల్‌లో వచ్చిందండీ!"

క్లాసంతా నిటారుగా కూర్చుంది. మన ఊరి ఊసు పరాయివాళ్ళు ఎత్తితే మనకి ఒళ్ళు పొంగిపోతుంది కదా. ఆ అమ్మాయి చెక్‌లిస్టుని తెర మీద వేసి, ఒక్కొక్క గడీ చదువుతూ మార్కులు వేసుకుంటూ పోయింది. కొల్లేరు ఊళ్ళలో దిగులుతో ఉన్న ఆడవాళ్ళని వారం వారం ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించారు, ఊపిరి నిదానంగా తీసి వదలడం నేర్పారు. ఆరు వారాల తర్వాత మళ్ళీ అడిగితే చాలామందికి నెమ్మదించింది. పోల్చడానికి పెంటపాడు వైపు వరి ఊళ్ళు తీసుకున్నారు. అక్కడ ఈ మీటింగులు లేవు, అక్కడివాళ్ళకి అంతగా నెమ్మదించలేదు. మధ్యలో తప్పిపోయినవాళ్ళు ఎంతమంది అన్న గడి దగ్గరకొచ్చేసరికి ఆ అమ్మాయి గొంతు పెంచింది.

"ఒక్కళ్ళు కూడా లేరండీ! మొదట అడిగిన ప్రతి ఒక్కళ్ళనీ రెండోసారీ అడిగారండీ. ఫుల్ మార్కులు వేసేశానండీ."

ఆ పేపరు కోసం ఊరూరా తిరిగి ప్రశ్నలు అడిగినవాళ్ళలో నేనొకదాన్ని. పేపర్లో మా పేర్లు ఉండవు, శిక్షణ పొందిన స్థానిక సిబ్బంది అని ఒక ముక్క ఉంటుంది. అది మేము. ఆ సున్నా ఎలా పుట్టిందో నాకు తెలుసు. ఒక అమ్మాయి డాక్టరు దగ్గరకి వెళ్ళకుండా అడ్డం పడింది నా వేలే.

అప్పట్లో తాడేపల్లిగూడెంలో మా ఇంట్లోనే ఉండేదాన్ని. నర్సింగ్ డిగ్రీ చేతిలో ఉంది, ఉద్యోగం లేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తున్నావమ్మా" అంటే వడ్డన పని కల్పించుకుని లేచిపోయే రోజులు. ప్రాజెక్టులో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ పని దొరికింది. పేరు ఘనంగా ఉంటుంది గానీ, చేతికొక ట్యాబ్ ఇచ్చి, మెళ్ళో కార్డు వేసి, ఎండలోకి వదిలేస్తారు. పొద్దున్నే బస్సులో ఏలూరు, అక్కణ్ణుంచి ప్రాజెక్టు జీపులో కొల్లేరు ఊళ్ళు. దారి పొడుగునా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు.

ప్రశ్నలు ఎక్కడో ఇంగ్లీషులో పుట్టి తెలుగులోకి దిగినవి. గత రెండు వారాల్లో పనులపై మీ ఆసక్తి సన్నగిల్లిందా అని చదివితే, చేపల ప్యాకింగ్‌కి వెళ్ళొచ్చి కాళ్ళు కడుక్కుంటున్న ఒకావిడ నన్ను జాలిగా చూసింది.

"ఆసక్తేంటండీ? చేపలు పట్టిన రోజు వెళ్ళకపోతే ఊరుకుంటారేంటండీ?"

ఆ మాటకి ట్యాబ్‌లో గడి లేదు. "లేదు", "కొన్ని రోజులు", "చాలా రోజులు", "దాదాపు ప్రతిరోజూ", ఈ నాలుగే ఉన్నాయి. నేను "లేదు" నొక్కి పక్కింటికి వెళ్ళాను.

మొదటి రౌండు రోహిణీకార్తె ఎండల్లో పడింది. ఫ్యాను తిరిగినా వేడిగాలే, కరెంటు పోతే అదీ లేదు. ఎవరికి నిద్ర పడుతుంది? అందరూ నిద్ర లేదనే అన్నారు. రెండో రౌండుకి వానలు పడి ఊళ్ళు చల్లబడ్డాయి, అందరూ హాయిగా పడుకున్నారు. పెంటపాడు వైపు రెండో రౌండు సరిగ్గా నాట్ల రోజుల్లో వచ్చింది. పొద్దస్తమానం బురదలో వంగి నాట్లు వేసొచ్చినదాన్ని అలసటగా ఉంటోందా అని అడిగితే ఏం చెబుతుంది? ఇక్కడ వాన, అక్కడ నాట్లు. తేడా రాకేమవుతుంది? ఆ తేడా అంతా మీటింగుల మహిమేనని అచ్చేశారు. అప్పుడు మాకు ఇది తట్టలేదా అంటే, తట్టింది. జీపులో చెప్పుకుని నవ్వుకున్నాం కూడా.

ఇంకొకటి మా గోదావరి వాళ్ళ మర్యాద. గడప దాకా వచ్చిన మనిషిని చిన్నబుచ్చడం మాకు చేతకాదు. మీటింగులకి వచ్చే ఒక పెద్దావిడ రెండోసారి అన్నిటికీ బాగుందండీ, తగ్గిందండీ అంది. ట్యాబ్ మూసేశాక, నిజంగానే తగ్గిందా అని అడిగాను.

"ఏం తగ్గుద్దండీ? కానీ మీరంత వానలో పడి వచ్చి అడిగారు కదండీ. తగ్గలేదంటే మీ మనసుకి కష్టంగా ఉండదేంటండీ?"

ఆవిడ మర్యాద కూడా పేపర్లో ఎక్కడో ఉంది, దశాంశ స్థానాలతో సహా.

ఇంక డాక్టరు దగ్గరకి వెళ్ళలేకపోయిన ఆ అమ్మాయి. చెరువులు లీజుకి తీసుకుని చేపలు పెంచే ఇంటికి కోడలిగా వచ్చింది. పెళ్ళయి నెల తిరగలేదు. పుట్టిల్లు పెంటపాడు. నేను గూడెం నుంచి వస్తున్నానని తెలియగానే మొహం విప్పారింది. వాళ్ళ పుట్టింటికీ మా ఇంటికీ మధ్య షేర్ ఆటోలో పావుగంట. అత్తగారు పక్కనే చాప వేసుకుని కూర్చుంది. ఎవరూ లేకుండా విడిగా అడగాలని మాకు శిక్షణలో చెప్పారు. కొత్త కోడల్ని ముక్కూమొహం తెలియని మనిషితో విడిగా వదిలే అత్తగారు ఏ ఊళ్ళో ఉంటుందో మాత్రం చెప్పలేదు. నేను మంచినీళ్ళు అడిగాను. ఆవిడ మంచినీళ్ళెందుకండీ, మజ్జిగ కలుపుతానని లోపలికి వెళ్ళింది. ఆ మజ్జిగ కలిపేంతసేపు మాకు దొరికింది.

"ఏ కష్టమూ లేదండీ," అంది ఆ అమ్మాయి గబగబా. "అందరూ మంచివాళ్ళేనండీ. పెళ్ళికి ముందు నుంచీ ఇంతేనండీ నాకు. అన్నం నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉంటుంది. తెల్లారుతుంటే భయమేస్తుందండీ, మళ్ళీ ఒక రోజంతా ఉండాలి కదా అని."

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అన్నది చివరి ప్రశ్న. దాన్ని నేనెప్పుడూ నేలచూపులు చూస్తూ అడిగేదాన్ని. ఆ అమ్మాయి అవునని తలూపింది. "మా అత్తగారికి చెప్పకండేం. బెంగ పెట్టేసుకుంటారు."

మా పద్ధతి ఏమిటంటే, ఆరు వారాల మీటింగుల తర్వాత రెండోసారి అడిగినప్పుడు కూడా దిగులు మార్కు ఎక్కువుంటే, ప్రాజెక్టు జీపులో ఏలూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించి మందులు ఇప్పిస్తారు. ఇంట్లోవాళ్ళకి నచ్చజెప్పే పని కూడా మా సూపర్‌వైజర్‌దే. ఆ అమ్మాయికి అదే చెప్పాను. "ఆరు వారాలకి మళ్ళీ వస్తాను. అప్పుడు కూడా ఇలాగే ఉన్నదున్నట్టు చెప్పమ్మా. మిగతాది మేం చూసుకుంటాం." పుట్టింటి చిరునామా గడి కూడా ఆ అమ్మాయిని అడిగి నింపాను. సాయంత్రం సూపర్‌వైజర్‌గారితో, చివరి ప్రశ్నకి అవునంది, ఈ అమ్మాయిని ఇప్పుడే తీసుకెళదామండీ అన్నాను. "ప్రోటోకాల్ ఒప్పుకోదండీ మేడమ్. రెండో రౌండు రానివ్వండి" అన్నారాయన. చాలా మర్యాదస్తుడు. మాలో అందరికంటే చిన్నదాన్ని కూడా మీరు అనే పిలిచేవారు.

రెండో రౌండు ఆషాఢంలో పడింది. ఆ తేదీలు వేసినవాళ్ళు ఏ క్యాలెండర్ చూశారో గానీ, మా ఇళ్ళలో గోడకి వేలాడేది మాత్రం కాదు. ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట్లో ఉండదు. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని నెలంతా పుట్టింట్లోనే ఉంచేస్తారు. ఆ వేసవిలో పెళ్ళయిన ప్రతి ఇంట్లోనూ అదే జవాబు వచ్చింది, పుట్టింటికెళ్ళిందండీ అని. నేను ట్యాబ్‌లో "అందుబాటులో లేరు" నొక్కుకుంటూ పోయాను. రెండో రోజుకే పైనుంచి ఫోనొచ్చింది. సాయంత్రం సూపర్‌వైజర్‌గారు మమ్మల్ని జీపు పక్కన నిలబెట్టి మాట్లాడారు.

"ఏవండీ, ఇంతమంది తప్పిపోతే స్టడీయే పోతుందండీ. కొంచెం సర్దుకోవాలండీ. కోడలి సంగతి అత్తగారికి తెలీదేంటండీ? ఆవిడని అడిగి నింపేయండి. ఆ అమ్మాయి వచ్చి చెప్పినా అదే కదండీ."

తర్వాతి ప్రాజెక్టులోకి మమ్మల్ని తీసుకోవాలో వద్దో చెప్పేది ఆయనే. నలుగురం నాలుగు దిక్కులు చూశాం.

మర్నాడు ఆ అత్తగారు నన్ను గుర్తుపట్టి, అడక్కుండానే మజ్జిగ తెచ్చింది. నేను కోడలి ఫారం తెరిచి, కోడలి గురించి ఆవిడనే అడగడం మొదలుపెట్టాను.

"నిద్ర సరిగ్గా పడుతోందాండీ?"

"ఎందుకు పట్టదండీ? వాళ్ళ గదిలో కొత్త కూలర్ పెట్టించామండీ."

"అన్నం సరిగ్గా తింటోందా?"

"మా ఇంట్లో తిండికేం లోటండీ?"

"దిగులుగా గానీ ఉంటుందా?"

"మా కోడలా అండీ! బంగారం లాంటి పిల్లండీ. నోట్లోంచి మాటే రాదు. చెప్పిన పనల్లా తలొంచుకుని చేస్తుంది. అలాంటి కోడలు ఈ ఊళ్ళో ఎవరికీ లేదండీ."

నోట్లోంచి మాట రాకపోవడం దేనికి గుర్తో నాలుగేళ్ళు చదువుకుని పరీక్ష రాసినదాన్ని. "లేదు" నొక్కాను. చివరి ప్రశ్న ఆవిడని అడగనే లేదు. ఇంటి కోడలి గురించి అంత అశుభం మాట ఎలా అడుగుతాను? అదీ "లేదు" నొక్కాను. తెర మీద ఆకుపచ్చ రంగు వచ్చింది, నయమైందని దాని అర్థం. ఏ నెలలో అత్తాకోడళ్ళు ఒక్క గడప తొక్కకూడదో, ఆ నెలలోనే అత్తగారి నోరు తెచ్చి కోడలికి తగిలించాను. మజ్జిగ బాగుంది. అల్లం, కరివేపాకు వేసింది.

ఆ వారంలో అలా ఎన్ని ఇళ్ళలో చేశానో చెప్పను. చెప్పినా మీరు నమ్మకూడదు, నా అంకెలు ఎలా తయారవుతాయో ఇప్పుడే చూశారు.

పుట్టింటి చిరునామా ఫారంలోనే ఉంది. రోజూ సాయంత్రం గూడెంలో బస్సు దిగి ఇంటికి పోయేదాన్ని. పెంటపాడు పావుగంట. ఆదివారాలు సెలవు. నేను వెళ్ళలేదు. బద్ధకమని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది గానీ, అది భయం. వెళితే ఆ అమ్మాయి నిజం చెబుతుంది. నిజం చెబితే ఆకుపచ్చని మార్చాలి. మారిస్తే, ముందు అది ఎలా వచ్చిందని అడుగుతారు. ప్రాజెక్టు ముగిసిన రోజున మాకు సర్టిఫికెట్లు ఇచ్చి భోజనాలు పెట్టారు. నాకు డేటా నాణ్యతకి ప్రత్యేక ప్రశంస. ఆ కాగితం చూపించే ఈ కాలేజీలో చేరాను.

క్లాసులో ఆ సున్నాని చూస్తూ ఊరుకోలేకపోయాను. "రెండోసారి ఎప్పుడు అడిగారని రాశారు?" అన్నాను.

"జూలైలో అండీ," అంది దెందులూరు అమ్మాయి.

"మీలో ఎవరింట్లోనైనా ఈమధ్య ఆడపిల్ల పెళ్ళి జరిగిందా?"

వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. వాళ్ళ అక్కకి జరిగిందట.

"మొన్న జూలైలో అక్క ఎక్కడుంది?"

"మా ఇంట్లోనే అండీ. ఆషాఢం కదండీ."

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు సద్దుమణిగేలోపే దెందులూరు అమ్మాయికి విషయం అందింది. వెనక్కి తిరిగి తెర మీద ఆ గడిని మళ్ళీ చదువుకుంది.

"మరి వీళ్ళందరూ ఎలా దొరికారండీ మేడమ్?"

చెప్పాల్సిన చోటు అదే. "ఆలోచించండి" అన్నాను. టీచర్లకి ఇదొక సుఖం, చెప్పలేనిదాన్ని కూడా పాఠంలా వదిలెయ్యవచ్చు. ఆ అమ్మాయి తను వేసిన ఫుల్ మార్కులు కొట్టేసింది. అచ్చుకి ముందు ఆ పేపర్ని పరీక్షించిన పెద్దలు పట్టుకోలేనిది ఆ అమ్మాయి రెండు నిమిషాల్లో పట్టుకుంది. ఆ పెద్దల్ని అనీ లాభం లేదు, వాళ్ళ ఊళ్ళో ఆషాఢం లేదు. ఉన్నవాళ్ళం మేము. తెలిసి కూడా వాళ్ళకి అందరూ దొరికారని రాసిచ్చింది మేము.

జర్నల్‌కి ఉత్తరం రాశాను, నా పేరు పెట్టే. నెలలు గడిచాక జవాబొచ్చింది. రచయితలని విచారించారట. ప్రతి ఫారం మీదా సిబ్బంది ధ్రువీకరణ ఉందట, కాబట్టి ఫలితాలని అనుమానించే కారణం కనపడలేదట. ఆ ధ్రువీకరణల్లో నాదీ ఉంది. నేను అబద్ధమాడానని నేనే మొత్తుకుంటే, అబ్బే, మీరు నిజమే చెప్పారని నా సంతకం నాకే చూపించారు. ఆ రోజు ఎవరి మీద చూపించాలో తెలియని కోపం వంటింటి గిన్నెల మీద చూపించాను.

ఇంక వెళ్ళకుండా ఉండటానికి సాకులేవీ మిగల్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం పెంటపాడులో ఆ అమ్మాయి పుట్టింటికి వెళ్ళాను. వరండాలో కుట్టుమిషన్ దగ్గర ఆ అమ్మాయే కూర్చుని ఉంది. కాస్త ఒళ్ళు చేసింది. నన్ను చూసి, పోల్చుకుని, లేచి నిలబడింది.

"ఆరు వారాలకి వస్తానన్నారు కదండీ," అంది, నవ్వుతూనే.

వాళ్ళమ్మ కుర్చీ వేసి లోపలికి వెళ్ళింది. ఆ అమ్మాయి మిషన్ ఆపి, అడిగినవాటికి అడిగినట్టు చెప్పింది. పెళ్ళయిన రెండో ఏడు కొడుకు పుట్టాడు. బిడ్డని ఒళ్ళోకి తీసుకోవడానికి కూడా చేతులు రాలేదట. బద్ధకమన్నారు, గాలి సోకిందన్నారు. ద్వారకా తిరుమల కొండకి మూడుసార్లు తీసుకెళ్ళి మొక్కించారు. ఆరు వారాలకి వస్తానని నేను చెప్పి రాకపోయినప్పటి నుంచి లెక్కేస్తే, నాలుగేళ్ళకి పుట్టింటివాళ్ళు తమ దగ్గరకి తెచ్చుకుని ఏలూరులో డాక్టరుకి చూపించారు. మందులు మొదలుపెట్టిన రెండు నెలలకి అన్నం రుచి తెలిసిందట. రెండు నెలలు, అంతే. అప్పటికే పిల్లాడు నాయనమ్మని అమ్మా అని పిలుస్తున్నాడు. భర్త విడాకులు అడగలేదు, రమ్మనీ అనలేదు.

"ఆ ఆషాఢమంతా మీ కోసమే చూశానండీ," అంది. "గడప దాటను, అత్తగారి వీధి చివర నిలబడి మాట్లాడి వచ్చేస్తానని అమ్మని బతిమాలాను. అమ్మ ఒప్పుకోలేదండీ. ఒకరోజు మీలాగే మెళ్ళో కార్డు వేసుకున్నావిడ మా వీధిలోకి వచ్చింది. పరిగెత్తుకెళ్ళానండీ. నీ పేరు ఈ ఊరి లిస్టులో లేదమ్మా, మీ అత్తగారి ఊళ్ళోనే అడుగుతారు అందావిడ."

"తర్వాత?"

"శ్రావణంలో అత్తగారింటికి వెళ్ళాక జీపొచ్చిందండీ. మా వీధిలో ఇద్దర్ని ఎక్కించుకున్నారు. నేను గుడికని చెప్పి, చీర మార్చుకుని వెళ్ళి నిలబడ్డాను. సారు ట్యాబ్‌లో చూసి, మీకు పూర్తిగా తగ్గిపోయిందండీ, చాలా సంతోషం అన్నారు. ఆకుపచ్చ రంగు కూడా చూపించారండీ."

"అది నొక్కింది నేనే," అన్నాను. "మీ అత్తగారిని అడిగి నొక్కాను."

ఆ అమ్మాయి చేతిలో ఉన్న జాకెట్టు ముక్కని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. నేను తిట్టు కోసం చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"అత్తగారా అండీ," అంది చివరికి, మెల్లగా. "నాకది తెలీదు కదండీ. అంత చదువుకున్నవాళ్ళు తగ్గిపోయిందని రాశారంటే తగ్గిపోయే ఉంటుంది, ఇంకా దిగులని నేనే నటిస్తున్నానేమో అనుకున్నాను. అందుకే మళ్ళీ ఎవరికీ చెప్పలేదండీ."